పెద్దమ్మ చెప్పిందొకటి, మనం రాసిందొకటి



ఈ సంచిక కోసం పల్లెల నుంచి వచ్చిన రాతలన్నీ ముందేసుకుని కూర్చున్నాం. ఉత్తరాలున్నాయి, నోటు పుస్తకంలోంచి చించిన కాగితాలున్నాయి, ఫోన్లో పంపినవి ఇంకా ఎక్కువున్నాయి. ఒక ఊళ్ళో శ్మశానం దారి మూసేశారు. ఒక ఊళ్ళో ఉపాధి హామీ పనికాడ మనవాళ్ళని వేరే గట్టుకి తోలారు. ఇంకో ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు ఆపారు. మూడు ఊళ్ళు, మూడు గొడవలు, రాసిన చేతులు మూడు. చదివితే మాత్రం మూడూ ఒకటే. "అగ్రకుల దురహంకారులు అమానుషంగా, అప్రజాస్వామికంగా" అని మొదలవుతాయి, "తీవ్రంగా ఖండిస్తున్నాం" అని ముగుస్తాయి. పైన ఊరిపేరు కొట్టేసి ఇంకో ఊరిపేరు రాస్తే అతికిపోతాయి. ఆ శ్మశానం దారి ఎవరి పొలం పక్కనుంచి పోతుంది? కంచె ఏ రోజు వేశారు? ఆ వారంలో పోయిన ముసలాయన్ని ఎటు నుంచి మోసుకుపోయారు? ఒక్క ముక్క లేదు.

రాసినవాళ్ళ మీద నెట్టేసి చేతులు దులుపుకుందామని ఈ మాట అనడం లేదు. ఈ భాష వాళ్ళకి నేర్పింది మేమే. ఏళ్ళ తరబడి ఈ పేజీల్లో మేం రాసింది చదివే వాళ్ళు ఇట్లా రాస్తున్నారు. ఈ భాష వల్ల ఒక మనిషికి ఏం నష్టం జరిగిందో ఇన్నేళ్ళూ మేం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాం.

2009 ఎండాకాలం. అరవై దాటిన ఒక పెద్దమ్మ తెల్లారేసరికి మా గడప ముందు కూర్చుని ఉంది. పక్క మండలం పల్లె ఆమెది, కూలి మనిషి. స్టేషన్లో ఇవ్వడానికి కాగితం రాసిపెట్టమని వచ్చింది. ఏం జరిగిందో చెప్పమంటే చెప్పింది.

"మా పల్లె కుళాయికి మూడ్రోజుల్నించీ నీళ్ళు రావట్లా. ఊళ్ళో రామాలయం పక్కన బోరు కాడికి పోయా. ఇంకా ఆరు కొట్టలా. నా ముందు ఇద్దరాడోళ్ళున్నారు, ఊరోళ్ళే. వాళ్ళు పట్టుకున్నదాకా ఎడంగానే నిలబడ్డా. వాళ్ళు జరిగినాక బిందె పెట్టా. సగం నిండింది. అప్పుడొచ్చాడాయన, పళ్ళు తోముకుంటా. యాపపుల్ల నోట్లోనే ఉంది. ఆ పుల్ల తీసి, ఏమే అని కులం పేరెట్టి పిలిచి, నీకు కూడా ఈ బోరే కావాల్సొచ్చిందా అన్నాడు. కాలితో తన్నాడు బిందెని. అది దొర్లుకుంటా పోయి పాలకేంద్రం మెట్టు కాడ ఆగింది. పాలు పోసేవాళ్ళంతా క్యాన్లు పట్టుకుని చూస్తానే ఉన్నారు. పాలు కొలిచే అబ్బాయి కొలపాత్ర చేతిలో పట్టుకుని అట్టాగే నిలబడిపోయాడు. ఒక్కళ్ళూ నోరు తెరవలా. నేనే పోయి బిందె తెచ్చుకున్నా. సొట్టపోయింది."

ఆమె చెబుతున్నంతసేపూ మేం తలాడిస్తానే ఉన్నాం. వింటున్నామనే అనుకున్నాం. నిజానికి ఆమె రెండో వాక్యం దగ్గర ఉండగానే మా బుర్రలో మా వాక్యం తయారైపోయింది. రెండు పేజీలు రాశాం. భూస్వామ్య శక్తులన్నాం, మనువాద భావజాలమన్నాం, నిరుపేద దళిత మహిళపై పాశవిక దాడి అన్నాం, స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్ళయినా అన్నాం. రాసి, చివర ఆమె చేత వేలిముద్ర వేయించాం. మంచి ఫిర్యాదు రాశామని ఆ రోజు మేం పొంగిపోయిన మాట కూడా దాచదలుచుకోలేదు.

ఆ రెండు పేజీల్లో యాపపుల్ల లేదు. సొట్టపోయిన బిందె లేదు. పాలకేంద్రం లేదు. క్యాన్లు పట్టుకున్నవాళ్ళు లేరు. అన్నిటికన్నా ముఖ్యం, అతను నోటితో అన్న కులం పేరు లేదు. "కులం పేరుతో దూషించి" అని కూడా రాయలేదు, "కుల దురహంకారంతో అవమానించి" అని రాశాం. మాకు రెండూ ఒకటే అనిపించాయి. స్టేషన్లో మా కాగితం చూసే ఆమె వాంగ్మూలం కూడా రాసుకున్నారు.

నాలుగేళ్ళకి కేసు విచారణకొచ్చింది. బోనెక్కి పెద్దమ్మ మాకు చెప్పినట్టే చెప్పింది, పుల్లతో సహా. అవతలి వకీలు లేచి మా కాగితం చేత్తో పట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. పాలకేంద్రం సంగతి ఇందులో ఉందా? లేదు. కులం పేరెట్టి తిట్టాడని ఇందులో ఉందా? లేదు. చూసినవాళ్ళున్నారని ఉందా? లేదు. అంటే ఇవన్నీ ఎవరో నేర్పితే ఈ రోజు కొత్తగా చెబుతున్నావన్నమాట. మొదటి ఫిర్యాదులో లేని ముఖ్యమైన సంగతి తర్వాత చెబితే కోర్టు దాన్ని కల్పించిందిగా తీసుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ దారి వాళ్ళకి మేమే వేసిపెట్టాం. కేసు కొట్టేశారు.

బయట చెట్టుకింద పెద్దమ్మ ఏడవలేదు, మమ్మల్ని తిట్టలేదు. "నేను చెప్పిందొకటి, నువ్వు రాసిందొకటి గదా పంతులూ" అంది. కొంచెంసేపాగి, "నేను చెప్పింది బాగాలేదా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు. తర్వాత చాలా రోజులు ఆలోచించాం. ఆమె చెప్పింది బాగాలేదనే మేం అనుకున్నాం. పైకి అనుకోలేదు, లోపల అనుకున్నాం. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిమి మేం. బడిలో "బావి కాడ" అంటే బెత్తం దెబ్బ పడింది, "బావి వద్ద" అనాలన్నారు. అమ్మ మాట, నాయన మాట, పల్లెలో పొద్దున లేచిందగ్గర్నించి వినే మాట, అన్నీ తప్పులే అన్నారు. డిగ్రీ చేతికొచ్చేసరికి మా నోట్లోంచి ఆ మాటలన్నీ కడిగేసుకున్నాం. ఉద్యమంలోకి వచ్చాక కొత్త మాటలు దొరికాయి. అవి కూడా పల్లె మాటలు కావు, పుస్తకాల్లోవి. బరువుగా ఉంటాయి, రాస్తుంటే చేతికి బలమొచ్చినట్టుంటుంది. ఇప్పుడు మేమే పంతుళ్ళం. పిల్లలు "కాడ" అని రాస్తే ఎర్రసిరాతో సున్నా చుట్టిన రోజులు మాకూ ఉన్నాయి. మమ్మల్ని కొట్టిన బెత్తాన్ని మేం అట్టాగే దాచుకున్నాం.

అంబేడ్కర్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన 'మూక్ నాయక్' మన పత్రిక లాగే పక్షానికొకసారి వచ్చేది. మూగవాళ్ళ నాయకుడని ఆ పేరుకి అర్థం. మనవాళ్ళు మూగవాళ్ళు కారని ఆయనకి తెలియదా? మనవాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు, ఆ మాట కాగితం మీదికి రాలేదు. అది వచ్చినప్పుడు ఎట్లా ఉంటుందో ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్ళకి తెలుసు. అందులో ఆయన తన అనుభవాలతో పాటు ఇంకొకరి ఉత్తరం కూడా చేర్చాడు. కాఠియావాడ్‌లో ఒక దళిత ఉపాధ్యాయుడు రాసింది, 1929 డిసెంబర్ 12 'యంగ్ ఇండియా'లో అచ్చయింది. అతని భార్యకి కానుపయింది, రెండ్రోజులకి జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెబితే వచ్చాడు గానీ రోగిని వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానన్నాడు. బాలింతని, పసిగుడ్డుని బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన భర్త చేతికిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే వరసలో వెనక్కి పోయింది. రాత్రి ఎనిమిది గంటల వేళ, దీపం వెలుగులో డాక్టరు దాన్ని చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు.

చేతులు మారుతూ పోయిన ఆ థర్మామీటరుని చూశారా! అంటరానితనం ఘోరమైందని ఆ పంతులు వంద వాక్యాలు రాసినా అంత తగిలేది కాదు. భార్య చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు కూడా ఆయన కళ్ళు ఆ గాజు గొట్టం వెంట పోయాయి. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఎన్ని గంటలకి, ఏ వెలుగులో. ఆయన కూడా మాలాంటి బడిపంతులే. మేం మాత్రం యాపపుల్లని వదిలేశాం.

కారంచేడు సంగతి తీసుకోండి. 1985 జూలై 17న ఆరుగుర్ని చంపారు. నలభై ఏళ్ళయింది. ఈ రోజుకి కూడా ఏ పల్లెలో కారంచేడు పేరెత్తినా ముందు వచ్చేది మున్నంగి సువార్త ఎత్తిన బిందె. అంతకుముందు రోజు మంచినీళ్ళ చెరువు కాడ, మురికి కలపొద్దన్నందుకు మీదికి వచ్చినవాళ్ళకి ఎదురు ఆమె బిందె ఎత్తింది. ఎవరో ఒకరు ఆ పల్లెవాళ్ళ పక్కన కూర్చుని, చెరువు కాడ ఏం జరిగిందమ్మా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోబట్టి గదా ఆ బిందె మనదాకా వచ్చింది.

ఇక చట్టం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే అది నలుగురికీ కనపడే, వినపడే చోట జరగాలి. పబ్లిక్ వ్యూ అంటారు దీన్ని. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఇంటి గేటు దగ్గర బయటివాళ్ళు చూడగల చోట తిట్టినా అది నలుగురి ఎదటే అంది. 2020లో హితేశ్ వర్మ కేసులో, బయటివాళ్ళెవరూ లేకుండా ఇంటి నాలుగు గోడల మధ్య అన్నది ఆ సెక్షన్ కిందికి రాదంది. కాబట్టి ఎక్కడ నిలబడి అన్నాడు, ఎవరెవరు ఉన్నారు, ఏ మాట అన్నాడు అనేవి వదిలేస్తే చట్టం మన చేతిలోంచి జారిపోతుంది. పెద్దమ్మకి ఏ సెక్షనూ తెలియదు. అయినా కోర్టుకి కావలసినవన్నీ ఆమె మాటల్లో ఉన్నాయి: వేళ, చోటు, మాట, మనుషులు. బీయే చదివిన మేం వాటిని తీసేసి విశేషణాలు పెట్టాం.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో ఇరవై ఒక్క మందికి యావజ్జీవం, ముప్పై అయిదు మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఏ వేళకి చనిపోయారు, ఏ చోట చంపారు, ఎవరు చంపారు అన్నది రుజువు కాలేదంది. పొలాలకడ్డంపడి పరుగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? ఆ తీర్పు న్యాయమని మేం అనం, ఏనాడూ అనలేదు. కానీ మనల్ని అడిగేది ఏం అడుగుతారో తెలిసి కూడా రాసుకోకపోతే ఎట్లా?

ఇంకొక సంగతి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకున్న అధికారి సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించాలి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ పని ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. పోలీసులకి ఈ సెక్షన్ చూపించి నిలదియ్యండని సభల్లో మేం చాలాసార్లు చెప్పాం. మరి ఆ రోజు మేం రాసిన కాగితాన్ని పెద్దమ్మకి చదివి వినిపించామా? లేదు. వినిపిస్తే "శక్తులంటే ఎవరయ్యా?" అని అప్పుడే అడిగేది.

వినడం ఎట్లా అని కుర్ర కార్యకర్తలు అడుగుతున్నారు. మాకూ పూర్తిగా వచ్చని కాదు గానీ, దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని చెబుతాం. పల్లెకి పోగానే కుర్చీ తెస్తారు. అందులో కూర్చున్నామా, వాళ్ళు ఎదురుగా నిలబడతారు, చెప్పాల్సింది విన్నపం అయిపోతుంది. అరుగు మీదో చాప మీదో చేరితే వేరే సంగతులొస్తాయి. పోయే వేళ కూడా చూసుకోవాలి. మిరప కోతల కాలంలో పొద్దున తొమ్మిదింటికి పోతే పల్లెలో ముసలోళ్ళూ కుక్కలూ తప్ప ఎవరుంటారు? తెల్లారకముందే ఆటో ఎక్కి పోయినవాళ్ళు పొద్దుగూకితేగాని రారు. రాత్రి అన్నాలయినాక పోవాలి. ముందు పెద్దమనుషులు చెబుతారు. "ఏదో చిన్న గొడవయింది, సర్దుకున్నాం" అంటారు. తలుపు పక్కన నిలబడ్డ ఆడమనిషి "చిన్నదా?" అంటుంది, అని ఊరుకుంటుంది. మనం కాగితం మడిచి జేబులో పెట్టుకునేది సరిగ్గా అప్పుడే. ఆమె చెప్పేదాకా కూర్చోవాలి. ఆ రోజు చెప్పకపోతే మళ్ళీ పోవాలి.

మా నాయన డప్పు కొట్టేవాడు. (డప్పు వెట్టి అని వదిలేసినవాళ్ళున్నారు, అదే మన ఆయుధమని ఎత్తుకున్నవాళ్ళున్నారు. ఆ చర్చ ఇప్పుడు కాదు.) మేం నేర్చుకుంటామంటే పుల్లలు చేతికియ్యలేదు. మంట కాడ కూర్చోబెట్టి, చర్మం కాగిందో లేదో చెవితో చెప్పమన్నాడు. వేలితో ఒక్కసారి మీటి వినిపించేవాడు. కాగలేదు, కాగలేదు, ఇప్పుడు కాగింది. ఎన్ని రాత్రులు గడిచాయో, ఆ తేడా తెలిశాకనే పుల్లలిచ్చాడు. రాతకి కూడా ఇట్లాంటి నేర్పు ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. బడిలో చేతికి ముందే బలపం ఇచ్చేశారు.

చూడటం గురించి కూడా. "మా ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి పోయిందన్నా" అని ఒక మిత్రుడు రాసి పంపాడు. సంతోషించి పోయాం. టీ కొట్టు కాడ అరగంట కూర్చున్నాం. నిజమే, రెండు గ్లాసులు లేవు. కాగితం కప్పులొచ్చాయి. అయితే ఊరిపెద్దలకి గాజు గ్లాసులో వస్తుంది, మనవాడికి అడక్కుండానే కాగితం కప్పులో వస్తుంది. వాళ్ళ చిల్లర చేతికిస్తాడు, మనవాడి చిల్లర బల్ల మీద పెడతాడు. బెంచీ మీద చోటున్నా మనవాడు నిలబడే తాగుతాడు, ఎవరూ వద్దనలేదు, అయినా కూర్చోడు. మా మిత్రుడు రోజూ ఆ కొట్లోనే టీ తాగుతున్నాడు. అలవాటు పడిన కంటికి ఇవి ఆనవు. మేం చూపించాక అతను తలపట్టుకున్నాడు. మరుసటి పక్షం అతను రాసి పంపింది ఒక్క పేజీ. అందులో ఖండించడాలు లేవు, కప్పులూ చిల్లరా బెంచీ ఉన్నాయి. దాన్ని అచ్చువేస్తే ఆ ఊరి కుర్రాళ్ళు పేజీ చించి కొట్టు ముందు స్తంభానికి అంటించారు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియో తీస్తున్నారు. మంచిదే, సాక్ష్యానికి పనికొస్తుంది. కానీ ఫోను ఎత్తగానే మనిషి గొంతు మారుతుంది, గమనించారా? మైకు ముందు నిలబడ్డట్టు మాట్లాడతాడు. మన కరపత్రంలో మాటలే మనకి తిరిగి అప్పజెబుతాడు. ఫోను పక్కనపెట్టి, ఇంకో గంట కూర్చుంటే అప్పుడు అతని మాట మొదలవుతుంది.

నినాదాలు మానుకోమంటున్నారా అని కొందరికి కోపం రావచ్చు. గోడ మీదికి నినాదమే కావాలి, ఊరేగింపులో గొంతులు కలవడానికి నినాదమే కావాలి. స్టేషన్లో ఇచ్చే కాగితానికీ, ఈ పత్రికకి పంపే రిపోర్టుకీ అది చాలదు. కథలు రాసేవాళ్ళకి మేం చెప్పాల్సింది తక్కువ. నాగప్పగారి సుందర్రాజు 'మాదిగోడు' 1997లో వచ్చింది, వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చింది. ఒకటి కర్నూలు వైపు మాట, ఒకటి నల్లగొండ వైపు మాట. గోగు శ్యామల సదాలక్ష్మి గారి బతుకుని ఆమె నోట విని 'నేనే బలాన్ని' తెచ్చింది. అవి దొరికితే పల్లెలో పదిమంది కూర్చున్నప్పుడు పైకి చదవండి. ముసలమ్మలు నవ్వుతారు, మధ్యలో అందుకుని తమ కథ మొదలుపెడతారు. అప్పుడు పుస్తకం మూసెయ్యండి.

ఒక జాగ్రత్త. విన్నదంతా అచ్చుకిచ్చేది కాదు. ఫిర్యాదులో సాక్షుల పేర్లు ఉండి తీరాలి, పత్రికలో వెయ్యాలా వద్దా అన్నది వాళ్ళనడిగి తేల్చుకోవాలి. మనం రిపోర్టు రాసుకుని బస్సెక్కి పోతాం. వాళ్ళు తెల్లారి అదే రైతు చేలోకి కూలికి పోవాలి.

వచ్చే సంచిక నుంచి రెండు పేజీలు మీ పల్లె రాతలకి వదులుతున్నాం. "కాడ" అని రాస్తే "వద్ద" అని దిద్దం. మాకు పంపేముందు, ఎవరి గురించి రాశారో వాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు ఏం దిద్దారో అది కూడా అడుగున రాయండి.

ఈ సంపాదకీయం రాశాక మేం కూడా ఆ పల్లెకి పోయాం. పెద్దమ్మకి ఇప్పుడు చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. ఆమె గురించి రాసిందంతా చదివి వినిపించాం. మా మీద మేం రాసుకున్నది విని, అదంతా ఎందుకులే అంది. పేరు వెయ్యమంటావా పెద్దమ్మా అంటే, వద్దు, ఆ బోరాయన మనవడు మా మనవడితో చదువుతున్నాడంది. ఇద్దరాడోళ్ళ పక్కన ఆమె కోడలు కూడా ఉన్నట్టు మొదట రాశాం, ఎందుకో మాకట్లా గుర్తుండిపోయింది. "మా కోడలు ఆపొద్దు చేలో ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు రాయబాక" అంది. కొట్టేశాం. స్టీలు బిందె అని రాసిన చోట కూడా ఆపింది. లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయి, తవుడు పోసిన బిందె తెచ్చి మా ముందు పెట్టింది. సొట్ట మీద మా చెయ్యి పెట్టించింది.

"స్టీలుది కాదయ్యా. సత్తుది."